కొత్త బియ్యం ఎక్కడ దొరుకుతాయి, ఆంటీ?

శ్రోతలకి నమస్కారం.

మహానగరాల గురించి మాట్లాడమన్నారు. నాకిచ్చింది ఎనిమిది నిమిషాలు. ఎనిమిది నిమిషాల్లో హైదరాబాద్ ఎక్కడ ఇముడుతుంది చెప్పండి? అందుకని బియ్యం గురించి మాట్లాడతాను.

మేముండేది మియాపూర్ దగ్గర ఓ అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తు. మా బాల్కనీకి ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో పెద్ద బిల్డింగు ఒకటి మొదలుపెట్టారు. బిల్డింగు కంటే ముందు రేకుల షెడ్లు లేచాయి. వరసగా ఇరవయ్యో పాతికో ఉంటాయి. నాలుగు పక్కలా రేకే, పైనా రేకే. ఏప్రిల్లో ఎండ వాటి మీద పడితే బాల్కనీలో నిలబడ్డ నాకే కళ్లు చెదిరేవి. లోపల పసిపిల్లలు ఎలా నిద్రపోయేవారో!

ఆ షెడ్లలో కొందరు బీహార్ వాళ్లు, కొందరు మన పాలమూరు వాళ్లు. ఎక్కువమంది ఒడిశా నుంచి, బలంగీర్ జిల్లా నుంచి వచ్చినవాళ్లు. సాయంత్రం పని దిగాక ఆడవాళ్లు మా గేటు దగ్గరికి నీళ్లకి వచ్చేవారు. మనిషికి రెండు బిందెలు. ఆ రెండు బిందెల మీద మా అపార్ట్‌మెంట్ మీటింగులో అరగంట చర్చ జరిగింది. రోజూ కార్లు కడగడం అవసరమా అన్న సంగతి మాత్రం రెండు నిమిషాల్లో తేలిపోయింది. అవసరమేనట. చివరికి బిందెలకి కూడా ఒప్పుకున్నారు లెండి.

అలా నీళ్లకి వచ్చే ఒక అమ్మాయితో నాకు పరిచయమైంది. పాతికేళ్లు ఉంటాయేమో. తనది వచ్చీరాని హిందీ, నాది హైదరాబాదీ హిందీ. ఎలాగో కుదిరిపోయింది. వినాయక చవితి నాలుగు రోజులుందనగా అడిగింది: "ఆంటీ, ఇక్కడ కొత్త బియ్యం ఎక్కడ దొరుకుతాయి?"

నాకు నవ్వొచ్చింది. కొత్త బియ్యం ఎవరికి కావాలమ్మా? మన ఇళ్లలో అందరూ అడిగేది పాత బియ్యం. ఏడాది నిల్వ ఉన్నవి, అన్నం పొడిపొడిగా ఉండాలి, కిలోకి పది రూపాయలు ఎక్కువైనా సరే. కొత్త బియ్యం వండితే ముద్దయిపోతుందని ముఖం చిట్లిస్తాం. అదే చెప్పాను. తను నవ్వలేదు.

పశ్చిమ ఒడిశాలో నువాఖాయ్ అని ఒక పండగ ఉంది. నువా అంటే కొత్త, ఖాయ్ అంటే తినడం. మనకి చవితి అయిన మర్నాడు, భాద్రపద శుద్ధ పంచమి నాడు వస్తుంది. చేలో మొదట పండిన ధాన్యం దంచి, దేవతకి నైవేద్యం పెట్టి, ఇంటి పెద్ద అందరికీ పంచుతాడు. తిన్నాక చిన్నవాళ్లు పెద్దల కాళ్లకి మొక్కుతారు. "నువాఖాయ్ జుహార్" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎక్కడెక్కడ పని చేసుకుంటున్న వాళ్లూ వీలైతే ఆ రోజుకి ఇల్లు చేరతారు. ఈ అమ్మాయి వాళ్లకి ఆ ఏడు వీలు కాలేదు. స్లాబ్ పని నడుస్తోంది, మేస్త్రీ పంపలేదు.

కిరాణా కొట్టులో అడిగాను. మన వానాకాలం పంట దసరా దాటితే గానీ రాదు కదా, యాసంగి బియ్యమే ఉన్నాయన్నాడు. చివరికి పండగ ముందు రోజు వాళ్ల ఊరి నుంచి వచ్చిన ఒకతను చేతిరుమాల్లో మూటకట్టి గుప్పెడు బియ్యం తెచ్చాడు. గుప్పెడే! షెడ్లలో ఉన్న అందరికీ అదే పండగ. ఆ గుప్పెడూ కొట్టు బియ్యంలో కలిపి వండారు. ముహూర్తం ఎప్పుడో ఊరికి ఫోన్ చేసి కనుక్కున్నారు. నాకు కూడా ఒక ముద్ద బాదం ఆకులో పెట్టి తెచ్చిచ్చింది.

తింటూ అడిగాను, "మీరు బియ్యం ఎంతకి కొంటున్నారు?" అని. నలభై ఐదు రూపాయలట. "రేషన్ కార్డు లేదా?" "ఉంది ఆంటీ, ఊళ్లో."

ఊళ్లో. కార్డు ఊళ్లో, ఓటు ఊళ్లో, పండగ ఊళ్లో. ఇక్కడ ఉన్నవి రెండు చేతులు.

హైదరాబాద్‌కి బయటివాళ్లు కొత్త కాదు. 1591లో పుట్టిన ఊరు ఇది. అరబ్బు సైనికుల బ్యారక్స్ ఉన్నచోటు బార్కస్ అయింది. ఆఫ్రికన్ అశ్వదళం ఉన్నచోటు ఏసీ గార్డ్స్ అయింది. అంతెందుకు, మన తెలుగు కూలీలు బొంబాయి కట్టడానికి వెళితే వాళ్లని కామాఠీలన్నారు, వాళ్లున్న పేట కామాఠీపురా అయింది. తర్వాత ఆ పేటకి వేరే రకంగా పేరు పడింది, అది వేరే కథ. అప్పట్లో వచ్చినవాళ్లకి కనీసం ఒక పేట మిగిలింది. ఇప్పటివాళ్లకి మిగిలేది రేకుల షెడ్డు. స్లాబులన్నీ అయ్యాక దాన్ని విప్పి లారీకెక్కిస్తారు.

2020 మే 1 గుర్తుందా? లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి ప్రత్యేక రైలు మా ఇంటికి దగ్గర్లోని లింగంపల్లి స్టేషన్ నుంచే తెల్లవారుజామున బయలుదేరింది. జార్ఖండ్‌లోని హటియాకి. సుమారు 1,200 మంది. మే డే నాడు! అంతకుముందు ఇక్కడ వలస కూలీలకి మనిషికి 12 కిలోల బియ్యమో పిండో, దాంతోపాటు 500 రూపాయలూ ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మంచి పనే. కానీ ఎవరో ఇచ్చిన బియ్యానికీ, తన కార్డు మీద తను తెచ్చుకున్న బియ్యానికీ తేడా ఉంటుందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన రేషన్ కార్డు దేశంలో ఏ రేషన్ షాపులోనైనా చెల్లుతుంది. ఈ పద్ధతి 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య ఒకటి, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ఒకటి, రెండు జంటలుగా మొదలైంది. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా పూర్తయింది. కార్డు మార్పించుకోనక్కర్లేదు. కార్డు నంబరో ఆధార్ నంబరో చెప్పి, వేలిముద్ర వేస్తే చాలు. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితం, మామూలు కార్డుకైతే మనిషికి నెలకి 5 కిలోలు. అత్తమామలు ఊళ్లో ఉంటే వాళ్ల వాటా అక్కడ, వీళ్ల వాటా ఇక్కడ తీసుకోవచ్చు.

నేను ఆ అమ్మాయినీ వాళ్లాయన్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. మొదటి షాపులో "బయటి కార్డులు మాకు రావు" అన్నాడు. వస్తాయి. రెండో షాపులో మెషిన్ పెట్టాడు. వాళ్లాయన వేలు పడలేదు. ఎన్నిసార్లు పెట్టినా పడలేదు. సిమెంటు తిని తిని వేళ్ల మీద గీతలే లేవు! కార్డులో పేరున్న ఎవరి వేలైనా సరిపోతుందన్నాడు డీలరు. అప్పుడు ఆ అమ్మాయి చెయ్యి చీరకొంగుకి తుడుచుకుని, గట్టిగా నొక్కి పెట్టింది. మూడోసారికి పడింది.

కాబట్టి మీ వీధిలో ఇల్లు కడుతున్న వాళ్లు, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మీ ఇంట్లో పని చేసే అమ్మాయి, ఎవరైనా సరే, బయటి ఊరి వాళ్లయితే ఒక్క మాట అడగండి: "మీ కార్డు ఇక్కడ చెల్లుతుంది, తెలుసా?" అని. నెల మొదట్లోనే వెళ్లమనండి, ఆఖర్లో స్టాకు ఉండదు. మొదటిసారి మీరు కూడా వెళ్లండి. పక్కన మనం నిలబడితే డీలరు మాట్లాడే తీరు మారుతుంది. మారకూడదు నిజానికి, కానీ మారుతుంది.

బిల్డింగు పూర్తయింది. షెడ్లు విప్పేశారు. వాళ్లు నిరుడు బెంగళూరు వెళ్లారు. రెండు నెలల తర్వాత ఒకరోజు ఏదో తెలియని నంబరు నుంచి ఫోను. వెనకాల ఒకటే గోల, కన్నడంలో ఎవరో క్యూ సరిగ్గా కట్టమని అరుస్తున్నారు.

"ఆంటీ," అంది, "వేలు పడింది."