మిర్చికి ఒక వెలుతురు, దర్రీకి ఇంకొకటి

అందరికీ నమస్తే. మాక్రో ఫొటోలు, అంటే చిన్న వస్తువుల్ని బాగా దగ్గరనుంచి పెద్దగా తీసేవి, అనగానే చాలామంది లెన్స్ ధర అడుగుతారు, నేను మాత్రం మీ ఇంట్లో కిటికీ ఎటువైపు ఉందని అడుగుతా. కెమెరాలో ఫొటోని పట్టే సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువంత సైజులో ఉంటే దాన్ని ఒకటికి ఒకటి అంటారు. పాత ఫిల్మ్ కెమెరా 50 ఎంఎం లెన్స్‌ని రివర్స్ రింగుతో తిరగేసి బిగించినా ఇంచుమించు అక్కడిదాకా వెళ్లొచ్చు, కాకపోతే అపర్చర్ (లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం) రింగు లెన్స్ మీదే ఉన్నది చూసుకోండి, లేకపోతే తిప్పలే.

అసలు తలనొప్పి ఫోకస్‌తో. అంత దగ్గర అపర్చర్ ఎఫ్8 పెట్టినా (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో షార్ప్‌గా వచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు మందం, గంతే. ఇది చూసి కొందరు ఎఫ్22కి పోతారు. లోతు పెరుగుతుంది, కానీ డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం వల్ల, ఫొటో అంతా మసకబారుతుంది. నన్నడిగితే ఎఫ్8, ఎఫ్11 దగ్గరే ఆగి, ఏ మిల్లీమీటరు కావాలో తేల్చుకుని, ఫోకస్ రింగు ముట్టకుండా కెమెరానే కొంచెం ముందుకీ వెనక్కీ జరపండి. ఫ్యాన్ మాత్రం ఆపాలి, మే నెలలో వరంగల్‌లో ఇది చెప్పినంత ఈజీ కాదనుకోండి.

ఇదిగో చపాటా మిర్చి, 2025లో జీఐ (ఫలానా ప్రాంతం సరుకని చెప్పే) గుర్తింపు వచ్చిన మన కాయ. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ రంగుతోనే కెమెరాకి గొడవ. కెమెరాలో ఎరుపుని నమోదు చేసే ఛానల్ ముందే నిండిపోతుంది, ముడతలన్నీ కలిసి ఒకే ఎర్రముద్దగా వస్తాయి, వెలుగు కొలిచే మీటరేమో అంతా బాగుందని చూపిస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించండి. తొక్కకి మెరుపుంది కాబట్టి కిటికీ వెలుగు దాని మీద తెల్లచారలా పడుతుంది, మధ్యలో బటర్ పేపర్ అడ్డం పెట్టండి, చార మెత్తబడి కాయ గుండ్రదనం తెలుస్తుంది.

వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ (నూలు తివాచీ) ముక్కకి ఇదే బటర్ పేపర్ పెడితే మొత్తం చెడిపోతుంది. నూలుకి మెరుపు లేదు, దానికి కావలసింది నీడలు. పేపర్ తీసేసి, పొద్దుటి ఎండ పక్కనుంచి, దాదాపు బట్టకి సమాంతరంగా వచ్చేలా పెట్టండి, ఒక్కో పోగు పైకి లేచి, దాని మీది నూగు కూడా కనబడుతుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే వచ్చేది ఉత్త రంగుగుడ్డ. పొడి ఉప్పు పలుకులకైతే నల్ల కాగితం వేసి, వెలుగు వెనకనుంచి రానివ్వండి, ఘనాల అంచులు దిద్దినట్టుంటాయి.

ఫోన్ వాళ్లు ఒకటి గమనించండి. చాలా ఫోన్లలో మాక్రో మోడ్ అంటే అల్ట్రావైడ్ (మరీ వెడల్పుగా చూసే) కెమెరానే, వస్తువుకి మరీ ఆనుకుని తీయాల్సి వస్తుంది, ఫోన్ నీడే దాని మీద పడుతుంది. ఆ మోడ్ ఆపి, కొంచెం దూరం జరిగి, టూఎక్స్ జూమ్‌లో తీసి క్రాప్ చేసుకోండి.