స్నానం ఎప్పుడో మామ్మగారినే అడగండి

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఓల్డేజ్ హోముల్లో పనిచేసే ఆయాలు, సిస్టర్లు, వార్డెన్లు కాబట్టి "పెద్దలు దైవసమానులు" లాంటి మాటలు వదిలేసి డైరెక్టుగా పనిలోకి వెళ్దాం. అయినా దేవుళ్లనైతే తెల్లారగట్లే సుప్రభాతం పాడి లేపేస్తాం, మనుషుల్ని అలా లేపితే ఎలా?

చాలా హోముల్లో జరిగేది అదే కదా. నైట్ డ్యూటీవాళ్లు దిగేలోపు ఫ్లోర్‌లో అందరి స్నానాలూ అయిపోవాలి, అందుకని నాలుగున్నరకే లైట్లేసి ఒక్కొక్కళ్లనీ బాత్రూమ్‌కి నడిపిస్తారు, డిసెంబర్ చలిలో కూడా. ఆ టైము మన షిఫ్టు కోసం పెట్టుకున్నది. సగం మందికి పొద్దున, సగం మందికి సాయంత్రం పెట్టి చూడండి, ఎవరికి ఎప్పుడు కావాలో వాళ్లనే అడిగి.

జుట్టు సంగతి ఇంకా ఘోరం. చిక్కులు పడుతోందని, పేలు పడతాయని ఆడవాళ్లందరికీ క్రాఫు కొట్టించేస్తారు, జీవితమంతా ముడేసుకుని పూలు పెట్టుకున్నావిడకి కూడా. చీర తీసేసి నైటీ. అదేంటమ్మా అని ఒక చోట అడిగితే, "అమ్మాయిగారు వాట్సాప్‌లో ఓకే అన్నారు మేడమ్" అన్నారు. జుట్టు అమ్మాయిగారిదా?

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. డబ్బులు కట్టేది డాలస్‌లో ఉన్న కొడుకు కాబట్టి ఆయనే కస్టమర్ అయిపోయాడు, ఆయన అడిగాడని రూములో కెమెరా, డైపర్ మార్చేటప్పుడు కూడా అది ఆన్‌లోనే ఉంటుంది. కొడుకుది ప్రేమే, కాదనను, కానీ కెమెరా కింద బట్టలు విప్పేది పెద్దాయన.

2007 సీనియర్ సిటిజన్ల చట్టం మీకు తెలిసిందే, పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లి నెలకి 10,000 దాకా మెయింటెనెన్స్ అడగొచ్చు. పొద్దున ఎన్నింటికి లేపాలో మాత్రం అందులో లేదు. మీకు పనికొచ్చే మాట 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో ఉంది: ట్రీట్‌మెంట్ విషయంలో ఒక మనిషి తీసుకున్న డెసిషన్ మనకి తప్పుగా అనిపించినంత మాత్రాన, ఆ మనిషికి నిర్ణయించుకునే శక్తి లేదని అనుకోకూడదు. నన్నడిగితే దాన్ని అన్నిటికీ వాడుకోవచ్చు. షుగర్ ఉన్న మాస్టారు పండక్కి ఒక పూతరేకు కావాలంటే డాక్టర్‌ని అడగండి, రిస్క్ ఏంటో మాస్టారికే చెప్పండి, ఆయన సరే అంటే ఫైల్లో రాసి పెట్టేయండి. (మాస్టారు అనే పిలవండి, తాతా అని కాదు, ఆయనకి ఇష్టమైతే తప్ప.) మందు నూరి ఇడ్లీలో కలిపి తెలీకుండా తినిపించడం మాత్రం వద్దు. ఒక్కసారి తెలిసిపోయిందంటే ఆ మనిషి మీ చేతి ఇడ్లీ కూడా ముట్టరు.

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్లని ఏం అడుగుతాం మేడమ్ అంటారు. రెండు చీరలు ఎదురుగా పెట్టండి, ఏది కావాలో చెయ్యి పెట్టి చూపిస్తారు. హాస్పిటల్ విషయాలు మాత్రం బుర్ర బాగున్నప్పుడే మాట్లాడాలి. వెంటిలేటర్ లాంటివి వద్దనుకునేవాళ్లు లివింగ్ విల్ రాసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, 2023లో ఇంకా ఈజీ చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే చాలు.

చివరిగా, రాత్రిళ్లు లేచి పడిపోతారని చున్నీతో మంచానికి కట్టేయడం. ఇది ఎవరూ బయటికి చెప్పరు గానీ అందరికీ తెలుసు. వాళ్లు ఊరికే లేవరు, చాలాసార్లు బాత్రూమ్ కోసం లేస్తారు, ఏ టైముకి లేస్తున్నారో ఒక వారం రాసి చూసి ఆ టైముకి ముందే తీసుకెళ్తే చాలామంది విషయంలో సమస్య తగ్గిపోతుంది. రాత్రి ముప్పైమందికి ఒక్కదాన్నే ఉంటే ఎలా తీసుకెళ్లమంటారు అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సిన మేనేజ్‌మెంట్‌వాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు, మైకు వాళ్లకిద్దాం.