ఫినాల్ నీళ్లలో బ్యాక్టీరియా ఎందుకు చచ్చిపోతాయి?

(తెర మీద: నురగతో మరుగుతున్నట్టున్న ఏరేషన్ ట్యాంకు, అంటే గాలి ఊదుతూ బ్యాక్టీరియాతో మురుగు తినిపించే తొట్టి)

ఫ్యాక్టరీ మురుగునీళ్లలో ఉండే ఫినాల్ అనే విష రసాయనం మాట ఎత్తగానే ఒకటే ప్రశ్న: "ఏ కల్చర్ (బ్యాక్టీరియా) ప్యాకెట్ వేయాలండీ?" ఏదీ వద్దండీ బాబూ! ఫినాల్ తినే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఊరి మురుగునీటి ప్లాంటు బురదలోనే ఉంటాయి. తేడా అంతా వడ్డనలోనే వస్తోంది.

కోక్ ఓవెన్ల సంగతి తీసుకుందాం, మన విశాఖ ఉక్కులోనూ ఉన్నాయిగా. బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి కోక్‌గా మారుస్తుంటే వచ్చే గ్యాస్‌ను చల్లబరిచినప్పుడు దిగే నీళ్లలో ఫినాల్ లీటరుకు వందల మిల్లీగ్రాములు. కాలవలోకి వదలాలంటే 1 దాటకూడదు.

ఈ సూక్ష్మజీవులకి ఫినాల్ ఆవకాయ లాంటిది. అన్నంలో కలిపి పెడితే లొట్టలేసుకుంటూ తింటాయి. జాడీ ఎత్తి నోట్లో వంపితే చస్తాయి. అందుకే లోపలికి పంపే నీళ్లలో లీటరుకు 50 మిల్లీగ్రాముల ఫినాల్‌తో మొదలుపెట్టండి. ట్యాంకులో 1 లోపుకి దిగిందా, ఇంకో 50 పెంచండి. దిగలేదా, ఆగండి. వారాలు పడుతుంది. పైవాళ్లు తొందరపెడతారు, పెట్టనివ్వండి.

(తెర మీద: గ్రాఫ్)

అసలు తమాషా ఇక్కడుంది. ఫినాల్ పెరిగేకొద్దీ తినే వేగం పెరుగుతుంది, ఒక మిట్ట దాటాక పడిపోతుంది. వచ్చే నీళ్లలో 500 ఉన్నా, బాగా కలిసే ట్యాంకులో అర మిల్లీగ్రామే కనబడుతుంది, పడిన ముద్ద పడినట్టే ఖాళీ అవుతుంది కాబట్టి. ఓ రాత్రి షాక్ లోడ్, అంటే ఒక్కసారిగా బోలెడు ఫినాల్, వచ్చి ఆ మిట్ట దాటిందనుకోండి: తినడం మందగిస్తుంది, కంచంలో ఆవకాయ పేరుకుంటుంది, పేరుకున్నకొద్దీ ఇంకా మందగిస్తుంది. తెల్లారేసరికి ట్యాంకు గోవిందా! మైక్రోస్కోప్‌లో ప్రోటోజోవా (బురదలో ఉండే ఏకకణ జీవులు) కదలకుండా పడి ఉంటే ల్యాబ్ రిపోర్టు కోసం చూడకండి. ఫీడ్ (లోపలికి వచ్చే మురుగు) ఆపండి, గాలి ఊదే బ్లోయర్ మాత్రం ఆపకండి.

గాలి ఊపిరికే అనుకుంటారు చాలామంది. కాదు. ఫినాల్‌కి ఒక ఆక్సిజన్ పరమాణువు తగిలించి కాటెకాల్ అనే ఇంకో రసాయనం చేస్తాయి, ఇంకో రెండు పెట్టి అణువులోని కార్బన్ వలయాన్ని తెంపుతాయి. కొన్ని రకాలు తెంపినప్పుడు ల్యాబ్ ఫ్లాస్కులో నీళ్లు పచ్చగా, నిమ్మపండు రంగుకి తిరుగుతాయి. కంగారు పడకండి, వలయం తెగిందన్నమాట. ఆ పసుపు ఎంతకీ పోకపోతేనే పని సగంలో ఆగినట్టు. కిలో ఫినాల్ పూర్తిగా ఆక్సీకరణ చెందాలంటే లెక్కకి 2.4 కిలోల ఆక్సిజన్ కావాలి. ట్యాంకు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గనివ్వకండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. కోక్ నీళ్లలో అమ్మోనియా దండిగా ఉంటుంది, నత్రజని కోసం యూరియా వేయడం దండగ. భాస్వరమే ఉండదు, బీఓడీ (మురికిని తినడానికి బ్యాక్టీరియాకి పట్టే ఆక్సిజన్) 100కి 1 చొప్పున అందేలా ఫాస్ఫారిక్ ఆమ్లం వేయండి. తారు, నూనె ముందే తీసేయాలి, లేదంటే స్లడ్జ్‌కి (బ్యాక్టీరియా ఉండే బురదకి) పట్టేసి ఆక్సిజన్ అందనివ్వవు. పీహెచ్ 7 నుంచి 8. ఏరేషన్‌కి ముందు ఒక రోజు నీళ్లు పట్టే, హెచ్చుతగ్గులు సర్దే ఈక్వలైజేషన్ ట్యాంకు ఉండాల్సిందే, జాడీకి మూత అదే. కోక్ నీళ్లలోనే ఉండే థయోసయనేట్ అనే ఇంకో రసాయనాన్ని తినేవి వేరే రకం, ఇంకా నిదానం, ఫినాల్ మిగిలి ఉంటే అవి పని మొదలుపెట్టవు. అది ఇంకో వీడియోలో.