ఇరవై ఏడేళ్ల తర్వాత అదే పాట

మిత్రులందరికీ నమస్కారం.

కొన్నేళ్ల క్రితం మంచి స్పీకర్లు కొనడానికి షాపుకు వెళ్లినవాళ్లలో కొందరికైనా ఈ అనుభవం ఉండి ఉంటుంది. షాపు అబ్బాయి "ఇది వినండి సార్" అని ఒక సీడీ పెడతాడు. ముందు జనం చప్పట్లు. తర్వాత నైలాన్ తీగల గిటార్ ఒక్కటే తీరిగ్గా నడుస్తుంది. కాసేపటికి ఒక డ్రమ్ము దెబ్బ వచ్చి ఛాతీ మీద పడుతుంది. ఆ దెబ్బ ఎంత లోతుగా, ఎంత శుభ్రంగా వినిపిస్తే స్పీకరు అంత మంచిదన్నమాట.

ఆ పాట ఈగల్స్ బ్యాండ్ పాడిన 'హోటల్ కాలిఫోర్నియా'. నేను దాన్ని మొదట విన్నది అలాంటి షాపులోనే. 1976 నాటి అసలు రికార్డు నా చేతికి వచ్చింది చాలా తర్వాత. అది విన్న రోజు నాకు ఎవరో వేరేవాళ్లు పాడినట్టు అనిపించింది. చప్పట్లు లేవు, ఆ తీరిక లేదు, పాట నేరుగా మొదలైపోయింది. నేను అప్పటిదాకా అసలు అనుకున్నది 1994లో వాళ్లు మళ్లీ కలిసినప్పుడు వాయించిన పాట. 1980లో విడిపోయిన బ్యాండ్ పద్నాలుగేళ్ల తర్వాత ఒక టీవీ కార్యక్రమం కోసం ఒకచోట చేరి, తమ పాటకు కొత్త మొదలు కట్టింది.

రెండూ పక్కపక్కన పెట్టుకుని విన్నాక ఒక సంగతి గమనించాను. మొదలు పూర్తిగా మార్చేశారు. చివర మాత్రం ముట్టుకోలేదు. బ్యాండ్ గిటారిస్టులు డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఇద్దరూ కలిసి వాయించే ఆ ముగింపులో, చేతిలో గిటార్ మారినా వరస మాత్రం రికార్డులో ఉన్నదే. ఎందుకలా? జనానికి ఆ ముగింపు నోటికి వచ్చు. ఒక్క స్వరం పక్కకు పోయినా హాలంతటికీ తెలిసిపోతుంది.

ఆ రికార్డు కూడా మరో రికార్డును పట్టుకుని తయారైందే. ఫెల్డర్ ఈ సంగతి తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆయన ముందుగా ఇంట్లో ఒక క్యాసెట్ మీద వరస కట్టుకున్నాడు. స్టూడియోలో కొత్తగా వాయించబోతే బ్యాండ్ గాయకుడు డాన్ హెన్లీ ఒప్పుకోలేదట, క్యాసెట్‌లో ఉన్నట్టే కావాలన్నాడట. దాంతో ఫెల్డర్ మయామి నుంచి ఇంటికి ఫోన్ చేసి, పనిచేసే ఆమెతో ఆ క్యాసెట్ ఫోన్‌లో వేయించుకుని విని, అలాగే వాయించాడు. స్వేచ్ఛగా ప్రవహిస్తున్నట్టు మనకు వినిపించే వాదనం అప్పటికే అప్పజెప్పిన పాఠం.

మళ్లీ కలిసిన బ్యాండు దేన్ని మార్చగలదు, దేన్ని మార్చలేదు అన్నది ఈరోజు మాట్లాడదాం. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ లెడ్ జెప్లిన్.

1968లో ఇంగ్లండ్‌లో మొదలైన బ్యాండ్. గిటార్ జిమ్మీ పేజ్, గాత్రం రాబర్ట్ ప్లాంట్, బేస్ గిటార్, కీబోర్డు రెండూ జాన్ పాల్ జోన్స్, డ్రమ్స్ జాన్ బోనమ్. 1980 సెప్టెంబర్‌లో బోనమ్ 32 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ డిసెంబర్‌లో మిగిలిన ముగ్గురూ ఇక కొనసాగలేమని ప్రకటించారు. ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టుకుని నడిపి ఉంటే కోట్లు వచ్చేవి. వాళ్లు ఆ పని చేయలేదు. నాకు వాళ్ల మీద గౌరవం అక్కడే మొదలవుతుంది.

1985లో ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ కచేరీకి ఒకసారి కలిశారు. డ్రమ్స్ దగ్గర ఇద్దరు కూర్చున్నారు, టోనీ థాంప్సన్, ఫిల్ కాలిన్స్. కాలిన్స్ అదే రోజు లండన్‌లో వాయించి కాంకార్డ్ విమానంలో వచ్చాడు. కలిసి సాధన దాదాపు లేదు. గిటార్ శ్రుతి తప్పింది, ప్లాంట్ గొంతు బొంగురుపోయింది. 2004లో లైవ్ ఎయిడ్ డీవీడీ వచ్చినప్పుడు తమ భాగం అందులో వేయడానికి వాళ్లు ఒప్పుకోలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు. 1988లో న్యూయార్క్‌లో తమ రికార్డు కంపెనీ అట్లాంటిక్ నలభయ్యో వార్షికోత్సవానికి మరోసారి కలిశారు.

అసలు కచేరీ 2007 డిసెంబర్ 10న లండన్ ఓటూ అరీనాలో జరిగింది. అట్లాంటిక్ సంస్థ స్థాపకుడు అహ్మెట్ ఎర్టెగన్ అంతకు ముందు సంవత్సరం చనిపోయాడు. ఆయన పేరు మీద ఉన్న విద్యానిధి కోసం ఒకే ఒక్క రాత్రి. నిజానికి నవంబర్ 26న జరగాలి, పేజ్ వేలు విరగడంతో రెండు వారాలు వెనక్కి జరిపారు. ఇరవై వేల మంది పట్టే హాలుకు రెండు కోట్ల మంది టికెట్లు అడిగారని నిర్వాహకులు చెప్పారు. డ్రమ్స్ దగ్గర ఈసారి జేసన్ బోనమ్, జాన్ బోనమ్ కొడుకు. తండ్రి పోయేనాటికి పద్నాలుగేళ్లవాడు, ఆ రాత్రికి నలభై ఒకటి. తండ్రి బతికిన దానికంటే తొమ్మిదేళ్లు ఎక్కువ.

ముందు శ్రుతి సంగతి. ఆ రాత్రి చాలా పాటలను రికార్డు కంటే ఒక పూర్తి స్వరం కిందికి దింపి వాయించారు. 'స్టెయిర్‌వే టు హెవెన్' రికార్డులో ఎ మైనర్, అక్కడ జి మైనర్. రికార్డు పాడేనాటికి ప్లాంట్ వయసు 22. లండన్ వేదిక మీద 59.

నేను కాలేజీ రోజుల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. గొంతు బాగాలేని రోజున గాయకుడు పక్కకు వచ్చి "అన్నా, ఈరోజు ఒక స్కేల్ తగ్గించవా" అనేవాడు. ఒక బటన్ నొక్కితే పని అయిపోయేది. పద్యనాటకాల్లోనూ ఇంతే, వయసులో పై శ్రుతిలో పద్యం ఎత్తిన నటుడు తర్వాత కింది శ్రుతికి దిగుతాడు, హార్మోనియం ఆయన వెంట దిగుతుంది. మనం దాన్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు.

అయితే గిటార్‌కు బటన్ లేదు. తీగలు వదులు చేయాలి. వదులైన తీగ లోతుగా, బరువుగా మోగుతుంది. అందుకే ఆ కచేరీ వింటుంటే రికార్డులో కంటే పాటలు నేలకు దగ్గరగా నడుస్తున్నట్టుంటాయి. ప్లాంట్ కూడా పాత కేకలను వెతుక్కుంటూ పోలేదు. పై స్వరం అందని చోట వాక్యాన్ని మలుపు తిప్పి కింద దించాడు. గొంతు మీద టెన్షన్ లేదు కాబట్టి మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. ఇరవై రెండేళ్ల కుర్రాడి గొంతులో అరుపుగా విన్న పాట, ఇక్కడ ఒక పెద్దాయన మనకు ఏదో చెబుతున్నట్టు వినిపిస్తుంది. నాకు ఇది ఎక్కువ ఇష్టం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

రెండోది పొరలు. 'బ్లాక్ డాగ్' రికార్డులో ఒకే వరసను పేజ్ మూడుసార్లు వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఒక మనిషి మూడు గిటార్లయ్యాడు. 'స్టెయిర్‌వే' మొదట్లో వినిపించే చెక్క వేణువులన్నీ జోన్స్ ఒక్కడే ఊదాడు. అదే పాటలో పేజ్ వాడినవి మూడు రకాల గిటార్లు. వేదిక మీద ఇదంతా ఒక్కసారి వాయించడం ఎవరి వల్లా కాదు. అందుకే పేజ్ 1971 నుంచీ రెండు మెడల గిటార్ పట్టుకునేవాడు, పై మెడకు పన్నెండు తీగలు, కింది మెడకు ఆరు. వేణువుల పని కీబోర్డు చేసేది. అంటే రికార్డులో ఉన్నట్టు ఆ పాటను వాళ్లు 1971లోనూ వేదిక మీద వాయించలేదు. తేడా మళ్లీ కలిసినప్పుడు పుట్టింది కాదు.

కొన్ని ధ్వనులు మనిషివి కూడా కావు, ఇంటివి. 'వెన్ ది లెవీ బ్రేక్స్' డ్రమ్స్ ఎలా రికార్డు చేశారో చాలామంది చెప్పుకుంటారు. హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం. మెట్ల కింద హాల్లో డ్రమ్స్ పెట్టి, పైనుంచి రెండు మైకులు వేలాడదీశారు. కొట్టింది బోనమ్, మోగింది ఆ మెట్ల దారి. దాన్ని వేదిక మీదకు తేవడం ఎలా? ఆ పాటను వాళ్లు ఆ రోజుల్లోనే వేదికల మీద వాయించింది చాలా తక్కువ. 2007లో అసలు ముట్టుకోలేదు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న మాట.

'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' 1969 నాటి మొదటి ఆల్బమ్‌లో ఆరున్నర నిమిషాల పాట. 1973లో న్యూయార్క్‌లో వాయించినప్పుడు అది దాదాపు 27 నిమిషాలు. మధ్యలో పేజ్ వయొలిన్ కమాను తీసుకుని గిటార్ తీగల మీద లాగేవాడు, పాట ఎటెటో పోయేది. ఎప్పుడు తిరిగి వస్తుందో వాయించేవాళ్లకే తెలియదు. వేరే పాటలో బోనమ్ ఒంటరిగా వాయించే డ్రమ్స్ సోలో కొన్ని రాత్రులు ఇరవై నిమిషాలు దాటేది. 2007లో 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' సుమారు 12 నిమిషాలు. కమాను ఉంది, పాత దారి లేదు. డ్రమ్స్ సోలో అసలే లేదు. 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్'తో, అంటే మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాటతో కచేరీ మొదలైంది. మొత్తం పదహారు పాటలు.

చూశారా, మళ్లీ కలిసిన బ్యాండు రికార్డు నుంచి దూరం జరుగుతుందని మనం అనుకుంటాం. ఇక్కడ జరిగింది దీనికి తలకిందులు. యవ్వనంలో వాళ్లు రికార్డును వదిలి తిరిగారు, పెద్దయ్యాక దాని దగ్గరికి వచ్చారు.

దీనికి వయసు ఒక్కటే కారణమని నేను అనుకోను. 1973లో ఆ రికార్డు నాలుగేళ్లది. ఈ రాత్రి ఏం చేస్తారో చూద్దామని జనం వచ్చేవారు. 2007 నాటికి ఆ పాట దాదాపు నలభై ఏళ్లుగా చెవుల్లో ఉంది, జనం దాన్ని కలుసుకోవడానికి వచ్చారు. ఇంకో కారణం నాకు ఇంకా పెద్దది. వాద్యకారుడు దారి తప్పే ధైర్యం రోజూ కలిసి వాయిస్తేనే వస్తుంది. పక్కవాడు ఎటు తిరుగుతాడో, ఎక్కడ ఆగుతాడో వందల రాత్రులు పక్కన నిలబడి తెలుసుకోవాలి. మన కచేరీల్లో గాయకుడికీ మృదంగం వాయించేవాడికీ మధ్య నడిచే చూపు అలా వచ్చిందే. ఒక్క రాత్రి కోసం కలిసినవాళ్ల దగ్గర ఎంత సాధన ఉన్నా ఆ చూపు ఉండదు. అప్పుడు అందరికీ తెలిసిన పటం ఒక్కటే, రికార్డు.

అందుకే ఆ రాత్రి నాకు బాగా నచ్చే పాట 'ఫర్ యువర్ లైఫ్'. 1976లో విడుదల చేసి, అప్పటిదాకా ఒక్కసారి కూడా వేదిక మీద వాయించలేదు. ముప్పై ఒక్కేళ్ల పాట అక్కడ మొదటిసారి నాలుగు గోడల బయటికి వచ్చింది. దానికి పోల్చుకోవడానికి పాత కచేరీ ఏదీ లేదు. ఆ పాటలో వాళ్ల ముఖాలు చూడండి, ఒకరినొకరు చూసుకుంటూ జాగ్రత్తగా, సంతోషంగా నడుస్తుంటారు.

జేసన్ గురించి చెప్పకుండా ముగించలేను. తండ్రి వాయించినదాన్ని కొడుకు వాయిస్తున్నాడు, హాల్లో ప్రతి ఒక్కరికీ ఆ దెబ్బలు తెలుసు. 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్'లో జాన్ బోనమ్ ఒక్క కాలితో వేసిన వేగమైన దెబ్బలు డ్రమ్స్ నేర్చుకునేవాళ్లకు ఈ రోజుకీ పరీక్ష. ఆ అబ్బాయికి ఆ రాత్రి మొదటి పరీక్షే అది. దాటాడు. తండ్రిని అచ్చంగా అనుకరించాడని కొందరంటారు, నాకు అలా వినిపించదు. తండ్రి దెబ్బ లయకు ఒక వెంట్రుకవాసి వెనక పడేది, వెనక్కి వాలి కూర్చున్నట్టు. కొడుకు దెబ్బ కాస్త ముందుకు వాలి ఉంటుంది. ముగ్గురు పెద్దవాళ్లను తోసుకుంటూ తీసుకెళ్తున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు 'కశ్మీర్' రెండుసార్లు వినిపిస్తాను. మొదటిది 1975 నాటి రికార్డు, దానికి తీగవాద్యాలు, బాకాలు బయటి కళాకారులు వాయించారు. రెండోది 2007, ఆ పనంతా జోన్స్ కీబోర్డు మీద చేతులతో చేస్తూ, బేస్ స్వరాలను కాళ్ల కింది పెడళ్లతో వాయిస్తాడు. గిటార్ మూడు లెక్కలో నడుస్తుంది, డ్రమ్స్ నాలుగు లెక్కలో. మన లెక్కలో తిశ్రం మీద చతురశ్రం. ఇద్దరూ విడిపోయి పన్నెండు దెబ్బలకు ఒకసారి కలుస్తారు. ఆ కలిసే చోట చెవి పెట్టండి. రికార్డులో అక్కడ తండ్రి ఉన్నాడు, రెండోదాంట్లో కొడుకు. లైట్లు కొంచెం తగ్గిస్తారా?