వేసవి పెరడు: తక్కువ నీటితో కాపు, ఎండతో నిల్వ

(దృశ్యం: ఉదయం ఆరు గంటలు. కావలిలో ఒక ఇంటి పెరడు.)

నమస్కారం. కృత్తిక కార్తె మొదలు రోహిణి కార్తె వెళ్లేదాకా, అంటే మే రెండో వారం నుంచి జూన్ మొదటి వారం వరకు, పెరట్లో కొత్త మొక్కలు నాటకుండా ఉన్నవాటిని బతికించుకోవడమే మేలు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కనుక, జూన్ వస్తే నీటి ఇబ్బంది తీరిపోతుందని అనుకోవడానికి వీలులేదు.

(దృశ్యం: బెండ పాదులో గడ్డి పరుస్తున్న చేతులు.)

మార్చి, ఏప్రిల్‌లో వరి కోతలు అయ్యాక గడ్డి సులువుగా దొరుకుతుంది. దానినిగానీ, సరుగుడు తోటల్లో రాలిన ఆకునుగానీ పాదుల్లో నాలుగు వేళ్ల మందాన పరచి, కాండానికి మాత్రం తగలకుండా చూడండి. పాదుల మధ్య ఐదు లీటర్ల మట్టికుండను మెడ వరకు పాతిపెట్టి, నీరు నింపి మూత పెడితే, కుండ గోడల నుంచి ఊరే తేమను వేళ్లు నేరుగా అందుకుంటాయి, పైమట్టి నుంచి ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది. మన బోరు నీటిలో ఉప్పు ఎక్కువైతే కుండ రంధ్రాలు పూడుకుపోతాయి, అందువల్ల నీరు దిగడం తగ్గినప్పుడు కుండను తీసి పీచుతో రుద్ది కడగాలి.

బియ్యం కడిగిన నీటిని పారబోయకుండా మొక్కలకు పోయండి. నీటి శుద్ధి యంత్రం వదిలే నీటిని మాత్రం పోయకండి. పొదుపు అనుకుని నేను ఒక వేసవి అంతా ఆ నీటినే కరివేపాకు చెట్టుకు పోశాను. ఆకుల అంచులు కాలినట్టు మాడిపోయాయి. శుద్ధిలో వేరుపడిన ఉప్పంతా ఆ నీటిలోనే ఉంటుందని నాకు తర్వాత తెలిసింది.

(దృశ్యం: బెండకాయ కొనను విరుస్తున్న వేళ్లు.)

బెండ, గోరుచిక్కుడు కోతకు రోజు విడిచి రోజు తప్పకుండా రావాలి. బెండకాయ కొనను వేలితో వంచితే పుటుక్కున విరగాలి, వంగిపోతే ముదిరినట్టే. అలా ముదిరిన కాయలు మొక్క మీద మిగిలితే కొత్త పూత తగ్గుతుంది. అయితే అన్నింటికన్నా ఆరోగ్యంగా ఉన్న ఒక మొక్కను విత్తనానికి వదిలేయండి. కాయ ఎండి పగుళ్లు ఇచ్చాక గింజలు తీసి, నీడలో ఆరబెట్టి, పొడి బూడిద కలిపి సీసాలో దాచుకుంటే వచ్చే పంటకు విత్తనం కొననక్కరలేదు.

మిగిలిన పచ్చిమిరపకాయలకు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న దారి ఊరమిరపకాయలే. కాయలను నిలువుగా చీల్చి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు మేడమీద ఎండబెట్టి, సాయంత్రం తిరిగి అదే మజ్జిగలో వేస్తూ, మజ్జిగంతా ఇంకేదాకా ఇలాగే చేయాలి. చివరికి కాయలు పట్టుకుంటే గలగలలాడాలి, తడి మిగిలితే బూజు పడుతుంది.

(దృశ్యం: చెట్టు కింద ఏరుతున్న వేపపండ్లు.)

జూన్‌లో వేపపండ్లు రాలతాయి. గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టుకుంటే మొక్కల రసం పీల్చే చిన్న పురుగులకు, అంటే పేనుబంకకు, కావలసిన మందు పైసా ఖర్చు లేకుండా సిద్ధమవుతుంది. యాభై గ్రాముల గింజల పప్పును దంచి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. కొద్దిగా సబ్బు నీరు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా చల్లండి.