దుమ్ము చాటున బ్లాక్‌హోల్: ఎక్స్‌రే కన్ను ఏం చూసింది?

[రాత్రి. పర్లాకిమిడి, మహేంద్రతనయ ఒడ్డు. కెమెరా దక్షిణం వైపు.]

అందరికీ నమస్కారం. జూన్ నెలలో మబ్బు పట్టని రోజు చూసుకుని, రాత్రి పదకొండు ప్రాంతంలో దక్షిణానికి తిరగండి. ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ నక్షత్రం. చెయ్యి చాచి, అక్కణ్నుంచి పైకి జానెడున్నర కొలిచి, కాస్త ఎడమకు జరగండి. గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి చూసేవాళ్లకూ ఇదే లెక్క.

అక్కడ ఎన్‌జీసీ 6240 ఉంది. ఉత్త కంటికి ఆనదు. 30 కోట్ల కాంతి సంవత్సరాలకు పైనే దూరం మరి. నిజానికి అది ఒక గెలాక్సీ కాదు, ఒకదాన్నొకటి ఢీకొని కలిసిపోతున్న రెండు గెలాక్సీలు.

[స్క్రీన్ మీద: ఎన్‌జీసీ 6240 ఫొటో]

1983లో ఐరాస్ అనే ఉపగ్రహం పది నెలల పాటు ఆకాశాన్ని ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే వేడి రూపంలో వచ్చే వెలుగులో గాలించింది. మామూలు టెలిస్కోపుకు మసకగా ఉన్న కొన్ని గెలాక్సీలు, ఎన్‌జీసీ 6240తో సహా, అందులో భగభగమన్నాయి. లక్ష కోట్ల సూర్యుళ్ల వెలుగును ఒక్క ఇన్‌ఫ్రారెడ్‌లోనే వెదజల్లేవి కూడా దొరికాయి. నివురు గప్పిన నిప్పు అంటామే, సరిగ్గా అదే. లోపలి వెలుగును దుమ్ము మింగి, తాను వేడెక్కి, ఆ వేడిని బయటికి పంపుతోంది.

చిక్కు ఇక్కడే ఉంది. లోపలి నిప్పు ఏమిటి? గుంపులుగా పుడుతున్న కొత్త నక్షత్రాలా, లేక వాయువును మింగుతున్న బ్లాక్‌హోలా? దుమ్ముకు ఆ తేడా పట్టదు. ఎవరు కాల్చినా ఒకేలా వేడెక్కుతుంది. అందుకే ఎక్స్‌రేల్లో వెతికారు.

[పక్కనుంచి మేనకోడలి గొంతు: "మావయ్యా, ఎక్స్‌రే అంటే చెయ్యి విరిగితే తీసేదే కదా?"]

అదేనమ్మా. కాకపోతే ఇక్కడ ఎక్స్‌రేలు పంపేది మిషను కాదు, బ్లాక్‌హోల్ అంచున లక్షల డిగ్రీలు దాటి కాగుతున్న పదార్థం. వాటిని పట్టాలంటే మన మహేంద్రగిరి శిఖరం ఎక్కినా లాభం లేదు, గాలే ఆపేస్తుంది. అందుకే ఉపగ్రహాలు.

1999లో వెళ్లిన చంద్రా అబ్జర్వేటరీ (మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే) ఎన్‌జీసీ 6240 నడిబొడ్డు మీద గురిపెట్టింది. ఒకటి కాదు, రెండు బ్లాక్‌హోల్స్ దొరికాయి! రెండూ మేస్తూనే ఉన్నాయి. మధ్య దూరం సుమారు 3,000 కాంతి సంవత్సరాలు. 2002లో ఈ సంగతి ప్రకటించారు. సాక్ష్యం ఇనుము. బ్లాక్‌హోల్ ఎక్స్‌రేలు చుట్టూ ఉన్న వాయువును తాకితే, అందులోని ఇనుప పరమాణువులు 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌రే శక్తిని కొలిచే కొలమానం) దగ్గర ఒక గీతగా వెలుగుతాయి. ఆ గీత రెండు చోట్లా బలంగా కనిపించింది. కొత్త నక్షత్రాలు ఎన్ని పుట్టినా అలాంటి గీత రాదు.

[గ్రాఫ్: తక్కువ శక్తి నుంచి ఎక్కువ శక్తికి]

దుమ్ము, వాయువుల ముసుగు మరీ దట్టమైతే తక్కువ శక్తి ఎక్స్‌రేలు కూడా లోపలే ఆగిపోతాయి. నన్నడిగితే అసలు ఆట మారింది 2012లో, నూస్టార్ అనే ఎక్స్‌రే ఉపగ్రహం వెళ్లాక. అది 79 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఫోకస్ చేసి చూడగలదు. అంత శక్తి ఉన్న ఎక్స్‌రేలు చాలా ముసుగుల్ని చీల్చుకుని వస్తాయి.

మరి నూస్టార్‌కీ మసకగా కనిపిస్తే అక్కడ బ్లాక్‌హోల్ లేనట్టేనా? తొందరపడొద్దు. మర్కేరియన్ 231 ఉంది. మనకు అతి దగ్గరి క్వేజార్లలో (బ్లాక్‌హోల్ మేత వల్ల విపరీతంగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డులలో) ఒకటి, దూరం దాదాపు 60 కోట్ల కాంతి సంవత్సరాలు. దాని ఎక్స్‌రేలు తక్కువగా ఉండటం చూసి దట్టమైన ముసుగే కారణమనుకున్నారు. నూస్టార్‌తో చూస్తే ముసుగు అనుకున్నంత దట్టంగా లేదు. ఆ బ్లాక్‌హోల్ పుట్టించే ఎక్స్‌రేలే తక్కువ! ఇన్‌ఫ్రారెడ్ లెక్క పక్కన పెట్టేసి ఒక్క ఎక్స్‌రేనే నమ్ముకుని ఉంటే, అంత పెద్ద క్వేజార్‌ను బలహీనమైన వాటి జాబితాలో పడేసేవాళ్లు.