దారిలో గంట రేటెంత?

అందరికీ నమస్కారం. గ్రంథాలయం మాస్టారు ఫోన్ చేసి, "నగర విస్తరణ మీద ఓ గంట మాట్లాడాలండీ" అన్నారు. అంత పెద్ద మాటలు నా వల్ల కాదన్నాను. "పోనీ, ముప్పయ్యేళ్లు బస్సులో చూసింది చెప్పండి" అన్నారు. అదైతే చెప్పగలను. ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. సంస్థ ప్రభుత్వంలో కలిసిన 2020లోనే రిటైరయ్యాను. నా సర్వీసులో సగానికి పైగా 500 నంబరు బస్సు మీదే పోయింది. అనకాపల్లి నుంచి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సు, కాంప్లెక్సు నుంచి అనకాపల్లి. ఎవరు ఎక్కడ ఎక్కుతారో ఎక్కడ దిగుతారో టికెట్టు కొట్టే చేతికి వారం తిరిగేసరికి తెలిసిపోతుంది. ఎందుకంత దూరం నుంచి వస్తున్నారన్నది మాత్రం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మన విశాఖ రూపం ఒకసారి తలుచుకోండి. తూర్పున సముద్రం. ఉత్తరాన సింహాచలం కొండ, దక్షిణాన యారాడ కొండ. మధ్యలో మిగిలిన కాస్త పళ్లెంలో పోర్టు, నేవీ, రైల్వే, షిప్‌యార్డు, రిఫైనరీ, ఎయిర్‌పోర్టు ముందే ఆకులు వేసుకుని కూర్చున్నాయి. అడవివరం, వేపగుంట వైపు పోదామంటే సింహాచలం దేవస్థానం భూములు, వాటి హక్కుల మీద ఐదు ఊళ్ల జనంతో నడిచే పంచగ్రామాల చిక్కు. హైదరాబాదులా నాలుగు దిక్కులా పెరిగే వీలు దీనికి లేదు. హైవే పట్టుకుని పొట్లపాదులా పొడుగ్గా పాకాల్సిందే. అలాగే పాకింది. ఇటు గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం దాటి 35 కిలోమీటర్ల అవతల అనకాపల్లి. అటు మధురవాడ, ఆనందపురం దాటి తగరపువలస. లోపలికి పెందుర్తి, సబ్బవరం, కొత్తవలస. 2013లో అనకాపల్లిని, భీమిలిని కార్పొరేషన్‌లో కలిపేశారు. 2022లో అనకాపల్లి వేరే జిల్లా అయింది. దాంతో అక్కడ ఒకే వీధి కార్పొరేషనుకి విశాఖ, కలెక్టరుకి అనకాపల్లి. సరే, అది ఆఫీసుల గోల.

ఈ ఊరికి పని పక్కనే ఇల్లు కట్టడం చేతకాక ఇలా అయిందనుకోకండి. ఒకప్పుడు అదే పద్ధతి. 1941లో సింధియా కంపెనీ షిప్‌యార్డుకి శంకుస్థాపన చేస్తే, ఆ కంపెనీ పేరే చుట్టుపక్కల పేటకి స్థిరపడిపోయింది. ఇప్పటికీ బస్సులో "సింధియా ఒకటి ఇవ్వండి" అంటారు, ఆ కంపెనీ ఏమిటో తెలియని పిల్లలు కూడా. పోర్టుకి క్వార్టర్లు, రైల్వేకి క్వార్టర్లు, బీహెచ్‌పీవీ ఫ్యాక్టరీకి టౌన్‌షిప్పు. స్టీలు ప్లాంటుకైతే ఏకంగా ఉక్కునగరం, సెక్టార్ల లెక్కన. చెట్ల కింద సైకిలు తొక్కుకుంటూ షిఫ్టుకి పోయేవాళ్లని నేను చూశాను. ఆ ప్లాంటు కోసం 64 గ్రామాలవాళ్లు ఇళ్లు వదిలారన్నదీ మరవకూడదు. పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి వైపు నిర్వాసిత కాలనీలు వాళ్లవే. ఏదేమైనా, కార్మికుడిని పని దగ్గరికి చేర్చే ఖర్చు అప్పట్లో కంపెనీ మోసేది. ఇవాళ పరవాడ ఫార్మాసిటీలోనో అచ్యుతాపురం సెజ్‌లోనో చేరే కుర్రాడికి కంపెనీ బస్సు ఉంటే ఉంటుంది. క్వార్టరు మాట ఎవరూ ఎత్తరు. ఇక బట్టల షాపులో సేల్స్ అమ్మాయికి, అపార్టుమెంటులో వాచ్‌మన్‌కి, ఆసుపత్రిలో ఆయాకి ఆ బస్సు కూడా లేదు.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. కండక్టరుని కదా, చిల్లర లెక్కపెట్టకుండా ఉండలేను.

సీతమ్మధారలో 55 లక్షల ఫ్లాటు, అనకాపల్లి దగ్గర అలాంటిదే 35 లక్షలు అనుకుందాం. తేడా 20 లక్షలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల లోను అయితే ఆ 20 లక్షలకి నెలవారీ వాయిదా సుమారు 17,350 రూపాయలు. దూరం వెళ్తే అది మిగిలినట్టు. రోజుకి రానూపోనూ 70 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు, అంటే 1,750 కిలోమీటర్లు. లీటరుకి 50 ఇచ్చే బండి మీద 35 లీటర్ల పెట్రోలు. ఆయిలు, టైర్లు, వానాకాలం రిపేర్లు కలుపుకుని 5,000 వేయండి. ఇంకా పన్నెండు వేల పైచిలుకు చేతిలో ఉంది. కాబట్టి దూరం పోయినవాడు తెలివితక్కువవాడని నేననను. డబ్బు లెక్కలో అతను నెగ్గాడు.

అయితే రోజుకి మూడు గంటలు రోడ్డు మీద ఉన్నాడు. నెలకి 75 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీలుగా చూస్తే నెలలో ఇంకో తొమ్మిది డ్యూటీలు. మిగిలిన 12,350ని 75తో భాగించండి, గంటకి సుమారు 165 రూపాయలు వస్తుంది. అంటే తన గంటని 165 చొప్పున దారికి అమ్ముకున్నాడు. సొంతిల్లు వస్తోంది కాబట్టి ఫర్వాలేదనుకుంటాడు. అనుకోనివ్వండి.

అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్న సేల్స్ అమ్మాయిని చూడండి. కంచరపాలెంలో రెండు గదుల పోర్షను ఆరు వేలు, అనకాపల్లి అవతల మూడు వేలు అనుకుందాం. మిగిలేది మూడు వేలు. ఆమెకీ అదే రోడ్డు, అవే 75 గంటలు. గంటకి 40 రూపాయలు! అందులోంచే బస్సు పాసు కొనాలి. నేను డ్యూటీలో ఉన్నన్నాళ్లూ అంతే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చాక ఆడవాళ్లకి జీరో టికెట్టు కొడుతున్నారు. రాష్ట్రంలో ఏ పథకం మీదైనా నాకు రెండో అభిప్రాయం ఉంటుంది గానీ దీని మీద లేదు. ఆ మూడు వేలూ ఇప్పుడు మూడు వేలుగానే ఇంటికి చేరుతున్నాయి. గంటలు మాత్రం అవే 75. బస్సుల సంఖ్య పెరగని రూట్లో ఆ గంటలు నిలబడి గడుస్తాయి.

ఒకావిడ ఉండేది, తాళ్లపాలెం వైపు నుంచి వచ్చి మా బస్సెక్కేది. ద్వారకానగర్‌లో నాలుగిళ్లలో పని. "ఇంత దూరం ఎందుకమ్మా, ఇక్కడే ఎక్కడైనా చూసుకోవచ్చు కదా" అన్నాను ఒకసారి. "ఏటి సేస్తాం బాబూ, ఊర్లో ఉంటే జీతం అద్దికే సాల్దు" అంది. తర్వాత ఆ ప్రశ్న నేనెవరినీ అడగలేదు.

మీకో విచిత్రం చెప్తాను. పొద్దున్న ఆరూ ఆరున్నర మధ్య లంకెలపాలెం జంక్షన్‌లో నిలబడి చూడండి. అనకాపల్లి నుంచి మా బస్సు జనంతో ఒరిగిపోతూ ఊళ్లోకి వస్తుంటుంది. ఎదురుగా ఎంవీపీ కాలనీ, మధురవాడ నుంచి కంపెనీ బస్సులు కెమిస్టుల్ని ఎక్కించుకుని పరవాడకి పోతుంటాయి. లోపల ఉన్నవాళ్లు బయటికి, బయటవాళ్లు లోపలికి! ఇళ్లు మార్చుకుంటే సరిపోతుందిగా అని నా డ్రైవరు నవ్వేవాడు. సరిపోదు. ఆ కెమిస్టు భార్య ఊళ్లో బ్యాంకులో చేస్తుంది, పిల్లాడి కాలేజీ ద్వారకానగర్‌లో. ఇల్లు ఒక ఉద్యోగానికి దగ్గరగా ఉండొచ్చు. ఇంట్లో రెండు ఉద్యోగాలూ ఒక కాలేజీ ఉంటే దేనికి దగ్గరగా తీసుకుంటాం?

నా సంగతీ చెప్పాలి. 1996లో లంకెలపాలెం దగ్గర 150 గజాలు కొన్నాను. డిపో దగ్గర్లో కొనే స్తోమత లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి డిపోలో ఉండాలంటే మూడింటికి లేవాలి. నేను మూడింటికి లేస్తే మా ఆవిడ రెండున్నరకి లేచేది, క్యారేజీ కట్టాలి కదా. స్థలం కొన్నప్పుడు గజం రేటు అడిగాం, రిజిస్ట్రేషను ఖర్చు అడిగాం. ఆవిడ నిద్ర ఆ లెక్కలో ఎక్కడా వేసుకోలేదు. నేను రిటైరైన మర్నాడు కూడా రెండున్నరకి లేచి వంటింట్లో లైటు వేసింది. ఇప్పటికీ అప్పుడప్పుడు వేస్తుంది.

ప్రభుత్వం ఇచ్చిన స్థలాల గురించి అడుగుతారని తెలుసు. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో పట్టాల పంపిణీ జరిగింది. ఊళ్లో అద్దె ఇళ్లలో ఉన్న ఆడవాళ్లకి తలా ఒక సెంటు. సెంటంటే 48 గజాల పైన. పార్టీల జోలికి పోను. సొంత జాగా అన్న మాటకి ఆ తల్లుల మొహాలు వెలిగాయి, అందులో అబద్ధం లేదు. కానీ వాళ్ల పని ఊళ్లోనే ఉండిపోయింది. కాలనీకి బస్సు ఎప్పుడు వస్తుందంటే, దానికి డిపోలో ఒక లెక్కుంది. కిలోమీటరుకి ఎంత రాబడి అని చూస్తారు. కొత్త కాలనీకి వేసిన బస్సు మొదటి ఆరు నెలలూ ఖాళీగానే తిరుగుతుంది. రాబడి లేదని ట్రిప్పు తగ్గిస్తారు. ట్రిప్పు లేదని జనం అప్పు చేసి బండి కొంటారు. బండ్లున్న కాలనీకి బస్సెందుకని ఉన్న ఒక్క ట్రిప్పూ తీసేస్తారు. ఇది నా కళ్లతో మూడు చోట్ల చూశాను. ఖాళీ బస్సు నడిపే ఖర్చుని కాలనీ వేసినవాళ్లే, రోడ్డుకీ కరెంటుకీ పెట్టినట్టు, మొదటి మూడేళ్లకి ముందే పెట్టుకోవాలి. ఇంటికి పునాది తీసినప్పుడే బస్సుకీ తీయాలంటాను.

రైలు సంగతి తొందరగా చెప్పేస్తాను. ముంబై మాదిరి లోకల్ రైలు మనకి లేదు. దూరం బళ్లకి దారి ఇస్తూ ఆగే పాసింజర్లే ఉన్నాయి. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరుని రాయగడ పాసింజరు వెనక నుంచి గుద్దింది. రెండూ సాయంత్రం విశాఖలో బయల్దేరి ఇళ్లకి పోయే బళ్లే. మెట్రో విషయానికొస్తే, మొదటి దశ ప్రతిపాదనలో పెద్ద కారిడారు స్టీలు ప్లాంటు నుంచి కొమ్మాది దాకా. పటం ముందు పెట్టుకుని చూడండి. ఇటు కూర్మన్నపాలెం దగ్గరే ఆగుతుంది, అనకాపల్లి రాదు. అటు కొమ్మాదిలో ఆగుతుంది, తగరపువలస రాదు. చవక ఇళ్లు ఎక్కడ మొదలవుతాయో సరిగ్గా అక్కడ మెట్రో అయిపోతోంది. భోగాపురం దాకా పొడిగిస్తామన్నారు, అది ఎయిర్‌పోర్టు కోసం.

ఇక్కడ కొత్త జంటలు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు, వాళ్లకో మాట. స్థలం చూపించేవాళ్లు మిమ్మల్ని ఆదివారం మధ్యాహ్నం కారులో తీసుకెళ్తారు. హైవే ఖాళీగా ఉంటుంది, "కాంప్లెక్సుకి ముప్పావు గంటే సార్" అంటారు. సోమవారం పొద్దున్న ఏడున్నరకి ఆ లేఅవుటు ముందు నిలబడి, బస్సెక్కి మీ ఆఫీసుకి వెళ్లి చూడండి. లేఅవుటుకి అనుమతి ఇచ్చిన ఎల్‌పీ నంబరు ఉందా, స్థలం మీద పాత లావాదేవీలు చూపే ఈసీ తీశారా, రిజిస్ట్రేషను నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా అన్నవి ఎలాగూ చూస్తారు. వాటితో పాటు ఆఖరి బస్సు ఎన్నింటికో డిపోలో అడగండి. సగం మంది ఇది అడగరు.

ఆఖరి బస్సంటే గుర్తొచ్చింది. మా రూట్లో రాత్రి తొమ్మిదీ ఇరవైకి కాంప్లెక్సులో ఒక ట్రిప్పు ఉండేది. జగదాంబ వైపు ఒక బట్టల షాపు అమ్మాయిలు పదకొండు మంది దానికి పరుగెత్తుకుంటూ వచ్చేవారు. షాపు తొమ్మిదిన్నరకి మూసేవారు. ముందుగా వదిలిన రోజు అందేది, లేనిరోజు లేదు. అందనిరోజు తమ్ముడో నాన్నో బండి వేసుకుని అనకాపల్లి నుంచి రావాలి. ఒక ఆదివారం నేను యూనిఫాంలోనే ఆ షాపుకి వెళ్లి ఓనరుగారితో మాట్లాడాను. ఆయన కోపపడతారనుకున్నాను. "మా అమ్మాయిలు ఎక్కడి నుంచి వస్తారో నేనెప్పుడూ అడగలేదు బాబూ" అన్నారు. ఆ వారం నుంచి దూరం వాళ్లని ఎనిమిదీ యాభైకి వదిలి, పొద్దున్న వాళ్లనే ముందు రమ్మన్నారు. నేను రిటైరయ్యేదాకా ఆ పదకొండు మందీ తొమ్మిదీ ఇరవై బస్సుకి నడుచుకుంటూ వచ్చారు.